పెనాంగ్ తూర్పు బ్రైటన్ కాదు

శ్రీకాకుళం నుంచి వరసకు మేనల్లుడయ్యే కుర్రాడు భార్యను వెంటబెట్టుకుని ఈమధ్య మలేషియా వచ్చాడు. సంచిలోంచి ఒక తెలుగు యాత్రా కరపత్రం తీసి నా చేతిలో పెట్టి, "మావయ్యా, పెనాంగ్ ఒక్క పగల్లో అయిపోతుందట, మీరూ వస్తారా?" అన్నాడు. చదివాను. "తూర్పు దేశపు బ్రైటన్" అని శీర్షిక. ఇంగ్లీషువాళ్ళు అడవి కొట్టి కట్టుకున్న సముద్రతీర విహార పట్టణం అట. బీచ్‌లో స్నానం, కొండ రైలు, చాక్లెట్ల కొనుగోలు అయితే చూడాల్సింది అయిపోయినట్టేనట. లిటిల్ ఇండియా తమిళులదట, తెలుగువాళ్ళకు సంబంధించింది అక్కడ ఏమీ లేదట.

ఆ కాగితం ఒక్కటే అయితే మడిచి పక్కన పెట్టేవాణ్ణి. కానీ ఇవే మాటలు ఏళ్ళ తరబడి వింటున్నాను, హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టర్ల నోటా, విజయవాడ నుంచి వచ్చిన ఉపాధ్యాయుల నోటా. మా ముత్తాత మలయాలో మొదట అడుగుపెట్టిన నేల అది. ఆ తరవాత బతుకంతా పెరాక్ కొబ్బరితోటలోనే గడిచినా, "రేవు" అన్నాడంటే పెనాంగే. ఆ రేవు గురించి ఇంత అబద్ధం తెలుగులో అచ్చవుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు బ్రైటన్ సంగతే తేల్చుకుందాం. పోలిక తెచ్చినవాళ్ళకు బ్రైటన్ కూడా తెలియదని నా అభిప్రాయం. ఇంగ్లండులో సముద్రస్నానం సరదాగా మొదలైంది కాదు, వైద్యంగా మొదలైంది. 1750ల్లో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు ఉప్పునీటి స్నానం రోగాలు మాన్పుతుందని పుస్తకం రాసి, బ్రైటన్‌లో వైద్యం పెట్టాడు. 1783 నుంచి అప్పటి యువరాజు, తరవాత నాలుగో జార్జి అయినవాడు, అక్కడికి రావడంతో జాలరుల ఊరు కాస్తా షోకిల్లాల పట్నమైంది. ఆ యువరాజు కట్టించుకున్న రాయల్ పెవిలియన్‌కి 1815 నుంచి 1822 దాకా జాన్ నాష్ పెట్టినవి హిందూస్థానీ గుమ్మటాలు. ఆ ఊళ్ళోనే 1814లో ఆవిరి స్నానాల శాల తెరిచి, తలంటు, ఒళ్ళుపట్టడం ఇంగ్లీషు దొరలకు నేర్పినవాడు పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారతీయ సైనికులకు ఆ పెవిలియనే ఆసుపత్రి అయింది. ఆ ఊళ్ళో కన్నుమూసిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను ఊరి బయట కొండ మీద దహనం చేశారు. వారి గుర్తుగా 1921లో నిలిచిన ఛత్రి ఇప్పటికీ ఉంది. అచ్చమైన ఇంగ్లీషు తీరపట్టణం అనుకునే చోటే మనవాళ్ళ చెయ్యి ఇంత ఉంటే, పెనాంగ్‌ని ఇంగ్లీషువాళ్ళ చేతికి పూర్తిగా ఎలా రాసిచ్చారు?

రెండు ఊళ్ళకూ నిజమైన చుట్టరికం ఒకటుంది. కరపత్రం రాసినవారికి అది తట్టలేదు. 1786 ఆగస్టు 11న, అదే యువరాజు పుట్టినరోజుకు ముందు రోజున, ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవిలో ఈస్టిండియా కంపెనీ జెండా ఎత్తి, దీనికి "ప్రిన్స్ ఆఫ్ వేల్స్ దీవి" అని పేరు పెట్టాడు. ఊరికి యువరాజు తండ్రి మూడో జార్జి పేరు మీద జార్జ్‌టౌన్ అన్నాడు. పెట్టిన పేర్లలో ఊరి పేరు నిలిచింది, దీవి పేరు నిలవలేదు. దీవిని మలయ్ జనం అంతకుముందు ఏమన్నారో ఇప్పుడూ అదే: పులావ్ పినాంగ్. పినాంగ్ అంటే పోకచెక్క. తాంబూలంలో మనం వేసుకునే వక్క. వక్కల దీవి అన్నమాట. ఎవరూ లేని అడవికి అలాంటి పేరు ఎవరు పెడతారు?

లైట్ వచ్చేనాటికి దీవిలో మలయ్ పల్లెలు ఉన్నాయి. దీవి కెదా సుల్తానుది. సయాం దాడి చేస్తే కంపెనీ సైన్యం సాయం వస్తుందన్న ఆశతో సుల్తాన్ అబ్దుల్లా దీవిని ఇచ్చాడు. దీవి చేతికి వచ్చాక కంపెనీ ఆ మాట నిలబెట్టుకోలేదు. సుల్తాను 1791లో దీవిని తిరిగి తీసుకోవడానికి బలగం కూడగడితే, లైట్ ముందే దాడి చేసి చెదరగొట్టాడు. చివరికి ఏడాదికి 6,000 స్పానిష్ డాలర్లకు సుల్తాను ఒప్పుకోవలసి వచ్చింది. 1800లో ఎదుటి ఒడ్డున ఉన్న నేలా పోయింది, అప్పుడు మొత్తం 10,000 డాలర్లు. ఆ ఒప్పందం కింద కెదాకి సొమ్ము చెల్లించడం నేటికీ ఆగలేదు. కట్టడమంటే ఇదేనా? కౌలుకు తీసుకున్న పొలానికి కౌలుదారుణ్ణి ఆసామి అని ఏ ఊళ్ళోనూ అనరు.

ఫోర్ట్ కార్న్‌వాలిస్‌కి వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. మొదట నిబోంగ్ తాటి దుంగలతో పాతిన కంచె అది. తరవాత భారతదేశం నుంచి తెచ్చిన ఖైదీల చేత ఇటుకలతో కట్టించారు. 1802లో పాలెగాళ్ళ తిరుగుబాటు అణిచాక తూత్తుకుడి నుంచి డెబ్బై మందికి పైగా బందీలను ఓడెక్కించి పంపింది ఈ దీవికే. అండమాన్ కంటే ముందు మనవాళ్ళకు "నల్లనీళ్ళ" దీవి పెనాంగ్. విహారానికి కట్టిన ఊరు అని రాసేవారు ఆ ఇటుక గోడ మీద ఒకసారి చెయ్యి వేసి చూడాలి. కోటలో లైట్ విగ్రహం ఉంది. 1936లో పోత పోశారు. తండ్రి బొమ్మ ఎక్కడా దొరక్కపోతే కొడుకు విలియం ముఖాన్ని ఆధారం చేసుకున్నారు. ఆ విలియం ఆస్ట్రేలియాలో అడిలైడ్ పట్నానికి రూపురేఖలు గీసినవాడు.

ఆ కోట దగ్గర తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. 1941 డిసెంబరులో జపాను విమానాలు జార్జ్‌టౌన్ మీద బాంబులు వేశాయి. సంతల్లో, వీధుల్లో జనం గుట్టలుగా చచ్చిపోయారు. ఆ వారంలోనే తెల్లవాళ్ళు తమ కుటుంబాలతో రాత్రికి రాత్రి ఓడలెక్కి వెళ్ళిపోయారు. మలయ్‌లకూ చైనీయులకూ భారతీయులకూ చెప్పలేదు, చోటివ్వలేదు. కోట మీద బ్రిటిష్ జెండా మాత్రం ఎగురుతూనే ఉంది. జెండా ఉంటే బాంబులు ఆగవని, దాన్ని దించినవాడు స్థానిక పత్రిక స్ట్రెయిట్స్ ఎకో సంపాదకుడు, సిలోన్ తమిళుడు ఎం. శరవణముత్తు. ఊరిని అంటిపెట్టుకుని ఉన్నవాళ్ళు ఎవరో, వదిలిపోయినవాళ్ళు ఎవరో ఆ వారం తేల్చేసింది. ఇక ఆ ఊరిని ఇంగ్లీషు ఊరు అనడానికి నాకు నోరు రాదు.

సముద్రస్నానం మాటకొద్దాం. కరపత్రంలో బతు ఫెరింగ్గీ బీచ్‌ని ఆకాశానికెత్తారు. ఇసుక బాగుంటుంది, సాయంకాలం బజారూ సందడిగా ఉంటుంది, కాదనను. కానీ మలక్కా జలసంధి నీళ్ళు ఒండ్రు కలిసి మసకగా ఉంటాయి, జెల్లీచేపలు కుడతాయి. రుషికొండ, భీమిలి, కళింగపట్నం చూసిన కళ్ళకు అక్కడ స్నానం ఏం ఆనుతుంది? పైగా అలలు లేవు కాబట్టి ప్రమాదం లేదని ధైర్యం చెబుతున్నారు. 2004 డిసెంబరు 26 సునామీలో మలేషియాలో 68 మంది పోతే, అందులో ఎక్కువమంది పోయింది ఈ పెనాంగ్ తీరంలోనే. సెలవు రోజని పిల్లలతో ఇసుకలో కూర్చున్న కుటుంబాలు అవి. ఆ ఒడ్డు గురించి రాసేటప్పుడు కొంచెం ఆలోచించి రాయాలి.

సముద్రాన్ని చూడాలంటే బతు ఫెరింగ్గీ దాటి తెలుక్ బహాంగ్ దాకా వెళ్ళండి. అక్కడి నుంచి జాతీయవనంలో అడవిదారిన గంటన్నర నడిస్తే పంతై కెరాచుట్ వస్తుంది. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డు. నడవలేనివాళ్ళు ఊళ్ళోనే వెల్డ్ కీ పక్కన చ్యూ జెట్టీకి వెళ్ళవచ్చు. ఒకే ఇంటిపేరు చైనీయులు నీళ్ళలో గుంజలు పాతి, పైన చెక్క పరిచి కట్టుకున్న వీధి అది. వాళ్ళ పెద్దలు ఓడల సరుకు మోసినవాళ్ళు. మన జాలరిపేటలకు దూరపు చుట్టం లాంటి చోటు. ఇళ్ళల్లో మనుషులు కాపురం ఉంటున్నారు, కాబట్టి గుమ్మంలోకి ఫోను పెట్టి ఫోటోలు తీయకండి.

ఇప్పుడు నన్ను నొప్పించిన మాట: తెలుగువాళ్ళకు సంబంధించింది ఏమీ లేదు.

పిట్ స్ట్రీట్ అని పాతపేరున్న వీధికి ఇప్పటి పేరు జలాన్ మస్జిద్ కపితాన్ కెలింగ్. 1801లో తమిళ తీరం నుంచి వచ్చిన కాదర్ మొహిదీన్ అనే వర్తకుడు కట్టించిన మసీదు పేరు అది. దక్షిణ భారతీయుల పెద్దగా కంపెనీ ఆయన్ని గుర్తించింది కాబట్టి ఆయన "కపితాన్ కెలింగ్". కెలింగ్ అంటే ఎవరు? మలయ్ జనం దక్షిణ భారతం నుంచి వచ్చే వాళ్ళందరినీ పిలిచిన పేరు. ఆ మాటకు మూలం కళింగ. వంశధార ఒడ్డున ముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం ఉన్న కళింగ. మా మేనల్లుడి ఊరు ఆ నదికి పది మైళ్ళ లోపే. బంగాళాఖాతానికి అవతల ఒడ్డున తన నేల పేరు వీధిపలక మీద రాసి ఉంటే, "మీకు సంబంధించింది ఏమీ లేదు" అని అతనికి కాగితం అచ్చేసి ఇచ్చారు.

ఇక్కడే రెండో వైపు వాళ్ళనీ ఆపాలి. ఈ ఒక్క మాట పట్టుకుని పెనాంగ్ అంతా తెలుగువాళ్ళే కట్టారని సభల్లో చెప్పేవాళ్ళను విన్నాను. అదీ తప్పే. ఆ మసీదు కట్టినవాడు తమిళ ముస్లిం. చూలియా వీధి వాళ్ళది, నాగూరు దర్గా వాళ్ళది, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ కోవెల తమిళులది. పెనాంగ్ భారతీయుల్లో తమిళులదే పెద్ద పాలు, ఆ గౌరవం వాళ్ళకు దక్కాలి. పేరు మనది, పని చాలామటుకు వాళ్ళది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. "కెలింగ్" అన్న మాట ఈనాటి మలేషియాలో భారతీయులను కించపరిచే తిట్టుగా మారింది. వీధిపలక మీద చదవండి, చరిత్రగా తెలుసుకోండి, మనిషి ముఖాన అనకండి.

మరి తెలుగువాళ్ళు ఎక్కడ? పట్నంలో కాదు, పట్నం గుండా వెళ్ళిపోయారు. ఉత్తరాంధ్ర నుంచి వలసపోయినవాళ్ళలో అధికులు వెళ్ళింది బర్మాకు. "రంగం ఎళ్ళిపోయాడు" అంటే రంగూన్ పోయాడని. కోరంగి రేవు నుంచి పోయారు కాబట్టి అక్కడ వాళ్ళకు కోరంగీలని పేరు. మలయాకి వచ్చినవాళ్ళు తక్కువే. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచీ, చిత్తూరు వైపు నుంచీ, కూలీలను కుదిర్చి తెచ్చే కంగాణీల వెంట వచ్చారు. 1938లో భారత ప్రభుత్వం ఆ కూలీ వలసను ఆపేదాకా వస్తూనే ఉన్నారు. మద్రాసు, నాగపట్నం నుంచి వచ్చే స్టీమర్లు ఈ ఒడ్డున మొదట ఆగేది పెనాంగ్‌లో. 1926లో కట్టిన ఎస్.ఎస్. రజూలా పేరు మలేషియాలో ఏ పాత భారతీయ కుటుంబాన్నడిగినా చెబుతారు. దిగిన కూలీలను నేరుగా ఊళ్ళోకి రానిచ్చేవారు కాదు. పెనాంగ్ తూర్పున ఉన్న జెరెజాక్ అనే చిన్న దీవిలో, మశూచి, కలరా భయంతో, విడిగా ఉంచేవారు. కుష్ఠురోగుల ఆసుపత్రి ఉన్నదీ అక్కడే. ఆ తరవాత పడవల మీద ఎదుటి ఒడ్డుకు, అక్కడి నుంచి రబ్బరు, కొబ్బరి తోటలకు.

మా ముత్తాత ఇంట్లో చెప్పుకున్న మాట ఒక్కటే మాకు మిగిలింది. జెరెజాక్‌లో పొద్దున్నే అందరినీ వరసలో నిలబెట్టి ఒంటి మీద మందునీళ్ళు చల్లేవారనీ, పక్కనున్న పిల్లాడు ఏడుస్తుంటే వాడి తల్లి "ఊరుకోరా, సముద్రానికి అవతల మన ఊరే ఉంది" అనేదనీ. ఆయన ఆ మాట చాలాసార్లు చెప్పాడట. వెనక్కి మాత్రం వెళ్ళలేదు.

ఆ తోటల్లోంచే కింది పెరాక్‌లోని బాగన్ దాతో చుట్టుపక్కల తెలుగు ఊళ్ళు లేచాయి. రాముడి గుళ్ళు వచ్చాయి, బడులు వచ్చాయి. 1955లో మలయా ఆంధ్ర సంఘం పుట్టింది. అదే నేటి మలేషియా తెలుగు సంఘం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. హైదరాబాదు తరవాత ఆ గౌరవం దక్కింది ఈ నేలకే. దీనంతటికీ గుమ్మం పెనాంగ్. గుమ్మంలో నిలబడి ఇంట్లో మనవాళ్ళెవరూ లేరని తిరిగి వెళ్ళిపోతారా?

జెరెజాక్‌కి పడవల మీద వెళ్ళవచ్చు. 1969 నుంచి 1993 దాకా అది జైలు దీవిగా ఉంది; ఇప్పుడు విహార కేంద్రాల ప్రణాళికలు నడుస్తున్నాయి. వెళ్ళడం కుదరకపోతే మొదటి పెనాంగ్ వంతెన మీద నుంచి దక్షిణాన పచ్చగా కనిపిస్తుంది. 1985లో తెరిచిన ఆ వంతెన పొడవు 13.5 కిలోమీటర్లని అన్ని కరపత్రాలూ చెబుతాయి. దాని మీద నుంచి కనిపించే దీవి గురించి మా మేనల్లుడి కాగితంలో ఒక్క అక్షరం లేదు.

తిండి విషయంలో "తెలుగు భోజనం దొరకదు, ఊరగాయలు పట్టుకెళ్ళండి" అని హెచ్చరిక ఉంది. ఊరగాయ పట్టుకెళ్ళడం తప్పు కాదు. ఆ భయంతో హోటల్ గదిలోనే తినడం తప్పు. పెనాంగ్ పేరు మోసిన వంట నాసి కందార్. నాసి అంటే అన్నం, కందార్ అంటే భుజాన కావడి మొయ్యడం. తమిళ ముస్లింలు ఒక గంపలో అన్నం, ఒక గంపలో కూరలు కావడి కట్టుకుని రేవు కూలీల దగ్గరికి తెచ్చి అమ్మేవారు. కావడి కూడు అన్నమాట. ఇప్పుడు కావడి పోయి కొట్లు వచ్చాయి. నాలుగైదు కూరల పులుసులు అన్నం మీద కలగలిపి పొయ్యడం మాత్రం అలాగే ఉంది. శాకాహారులకు చైనీయుల శాకాహార కొట్లు ఉన్నాయి. వాళ్ళ తొమ్మిదిమంది చక్రవర్తి దేవుళ్ళ పండుగ తరచు మన శరన్నవరాత్రుల రోజుల్లోనే వస్తుంది. ఆ తొమ్మిది రోజులూ వీధుల్లో పసుపుపచ్చ జెండాలు కట్టి మాంసం లేని వంటలే అమ్ముతారు. ఆ సమయంలో వెళ్ళినవాళ్ళు అదృష్టవంతులు.

కొండ రైలు మీద నాకు అభ్యంతరం లేదు. 1923 నుంచి నడుస్తోంది, ఎక్కండి. పైన చల్లగా ఉంటుంది. ఆర్మీనియన్ స్ట్రీట్‌లో 2012లో లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకారెవిచ్ గోడ మీద వేసిన సైకిల్ పిల్లల బొమ్మ దగ్గర ఫోటో కూడా దిగండి. 2008 జూలైలో యునెస్కో జార్జ్‌టౌన్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది మాత్రం ఆ బొమ్మ చూసి కాదు. ఒకే చుట్టుపక్కల సెయింట్ జార్జ్ చర్చి, చైనీయుల కరుణామయి గుడి, మారియమ్మ కోవెల, కపితాన్ కెలింగ్ మసీదు దగ్గర దగ్గరగా దాదాపు రెండు వందల ఏళ్ళుగా నిలబడి ఉన్నందుకు.

మూడో రోజు ఉంటే దీవి దాటి ఉత్తరాన కెదాలోని బుజాంగ్ లోయకు వెళ్ళండి. మెర్బోక్ దగ్గర మ్యూజియం ఉంది, పక్కనే బుకిత్ బతు పహాత్ ఆలయపు రాతి పునాది ఉంది. బౌద్ధ, హైందవ కట్టడాలు ఆ లోయ నిండా దొరికాయి. పెనాంగ్‌కి ఎదుటి ఒడ్డున, వెల్లెస్లీ ప్రాంతంలో, కర్నల్ జేమ్స్ లో 1834లో ఒక శిలాఫలకం కనుక్కున్నాడు. అయిదో శతాబ్దం నాటిది. స్తూపం బొమ్మ చెక్కి, దక్షిణాది లిపిలో సంస్కృతంలో, మహానావికుడు బుద్ధగుప్తుడు తన ప్రయాణం సఫలం కావాలని కోరుకున్న రాత. ఇప్పుడది కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో ఉంది. లైట్ పుట్టడానికి పదమూడు వందల ఏళ్ళ ముందే ఈ నీళ్ళ మీద మన ఒడ్డు నావికులు తిరిగారు. 2013లో అదే లోయలో ఒక పాత ఆలయపు పునాదిని ఇళ్ళ స్థలాల కోసం చదును చేశారు. మిగిలినవి చూడడానికి జనం రాకపోతే వాటి గతీ అంతే.

మా మేనల్లుడు ఒక్క పగలు అనుకున్నవాడు మూడు రోజులున్నాడు. బీచ్‌కి వెళ్ళనేలేదు.

ఈ ఏడు పెనాంగ్ వచ్చే తెలుగువాళ్ళకు నాదొక మనవి. బయల్దేరే ముందు మీ ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి, మలయా వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉంటే ఆ పేరూ, ఇంటిపేరూ, ఊరూ రాసుకుని తెచ్చుకోండి. ఇక్కడి తెలుగు సంఘం శాఖల్లో ఇవ్వండి. ఇటు వైపు నుంచి వెతుక్కుంటున్న కుటుంబాలు ఉన్నాయి. కౌలాలంపూర్ నుంచి రైలెక్కి బటర్‌వర్త్‌లో దిగాక వంతెన మీదుగా టాక్సీ మాట్లాడుకోకండి. స్టేషన్ పక్కనే ఫెర్రీ ఉంది. ఇరవై నిమిషాల ప్రయాణం. మనవాళ్ళు తోటలకు వెళ్ళేటప్పుడు ఆ నీళ్ళే దాటారు, అటు నుంచి ఇటు.